రోజూ సుడోకు చేస్తున్నా పేర్లెందుకు గుర్తుండవు?

మీరు అడిగింది ఇది: నాన్నగారికి 72 ఏళ్లు. రోజూ పొద్దున్నే రెండు గంటలు సుడోకు, గళ్ల నుడికట్టు చేస్తారు. అయినా మనుషుల పేర్లు నోటికి రావు, కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ గుర్తుండదు, చదివిన పుస్తకంలో ఏముందో వారం తిరిగేసరికి చెప్పలేరు. ఇంకా ఏ వ్యాయామాలు చేయించాలి, మెదడు ఆటల యాప్ ఒకటి కొంటే ఉపయోగమా అని.

సుడోకు మానిపించమని చెప్పను. ఆయనకు ఇష్టమైతే చేసుకోనివ్వండి. కానీ దాన్ని వ్యాయామం లెక్కలో వేయకండి. సుడోకులో గుర్తు తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు, అంకెలన్నీ కళ్లముందే ఉంటాయి. పైగా ఏళ్ల తరబడి చేసేవారికి అది తెలిసిన దారిలో నడక లాంటిది. గళ్ల నుడికట్టు కాస్త నయం, మాటను లోపలినుంచి వెతికి తీయాలి. అయితే అవి ఎప్పుడో నేర్చిన మాటలే. వయసు పైబడినా తొందరగా తరగనిది ఆ మాటల నిల్వే. తగ్గేవి వేరే ఉన్నాయి: కొత్త సంగతిని లోపలికి ఎక్కించుకోవడం, ఎక్కించినదాన్ని అవసరమైనప్పుడు బయటికి తీయడం, రెండు విషయాలను ఒకేసారి మనసులో పట్టి ఉంచడం, పని చేసే వేగం. నాన్నగారు బలంగా ఉన్న చోటే రోజూ రెండు గంటలు ఖర్చు పెడుతున్నారు. బలహీనంగా ఉన్న చోట ఒక్క నిమిషం కూడా పెట్టడం లేదు.

దీనికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో 'యాక్టివ్' అనే అధ్యయనంలో 65 ఏళ్లు దాటిన 2,832 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు జ్ఞాపకశక్తి, ఒకదానికి తర్కం, ఒకదానికి చూసి గ్రహించే వేగం నేర్పారు, నాలుగోదానికి ఏమీ నేర్పలేదు. ఒక్కొక్కటి గంట, గంటంపావు ఉండే తరగతులు 10, ఐదారు వారాల్లో ముగించారు. 2002లో వచ్చిన ఫలితాల్లో ఎవరు ఏది సాధన చేశారో వారికి అదే మెరుగైంది, ఒకదాని లాభం ఇంకోదానికి పాకలేదు. పదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే తర్కం, వేగం నేర్చినవారికి కొంత లాభం ఇంకా మిగిలింది, జ్ఞాపకశక్తి శిక్షణ లాభం మాత్రం నిలవలేదు. అంటే పేర్లు కావాలంటే పేర్లే సాధన చేయాలి, పైగా దాన్ని ఆపకూడదు.

యాప్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆటలో స్కోరు పెరగడం ఆ ఆటలో నేర్పు పెరిగినట్టు చెబుతుంది, అంతకంటే ఎక్కువ చెప్పదు. వయసుతో వచ్చే మతిమరుపును తగ్గిస్తామంటూ ఆధారం లేని ప్రకటనలు చేశారన్న అభియోగం మీద లూమోసిటీ అనే మెదడు ఆటల యాప్ తయారీదారులు 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారు. వేగం సాధనకు మాత్రం కంప్యూటర్ నిజంగా పనికొస్తుంది. రెప్పపాటులో బొమ్మ చూపించి మాయం చేయడం మనుషుల చేత కాదు కదా. మిగతావాటికి కాగితం, పెన్సిలు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

వ్యాయామాలకు ముందు కొన్ని తేల్చుకోండి. వీటిలో ఒక్కటి ఉన్నా ఎంత సాధన చేయించినా బూడిదలో పోసిన పన్నీరే. మొదటిది చెవి. సరిగా వినపడని పేరు గుర్తుండదు, లోపలికి వెళ్లనిదాన్ని బయటికి ఎలా తీస్తారు? 70 నుంచి 84 ఏళ్ల 977 మందితో మూడేళ్లు సాగి 2023లో వెలువడిన పరిశోధనలో, వినికిడి యంత్రాలు ఇచ్చినా మొత్తం మీద పెద్ద తేడా కనబడలేదు. కానీ మతి మందగించే ముప్పు ముందే ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆలోచనాశక్తి మందగించే వేగం 48 శాతం తగ్గింది. రెండోది మందులు. జలుబుకూ దురదకూ వాడే పాతకాలపు అలర్జీ మాత్రలు, అర్జెంటుగా మూత్రం రావడాన్ని తగ్గించే కొన్ని మందులు, నిద్రమాత్రలు పెద్దవాళ్లలో మతిని మందగింపజేస్తాయి. మీ అంతట మీరు ఆపేయకండి, జాబితా రాసి డాక్టరుకు చూపించండి. మూడోది రక్తపరీక్ష: థైరాయిడ్, విటమిన్ బి12. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడేవారిలో బి12 తగ్గడం మామూలే. ఇక నిద్ర. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పగలంతా కునుకుపాట్లు ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి. చివరిది దిగులు. పెద్దవాళ్ల దిగులు చాలాసార్లు కన్నీళ్లలా కాక మతిమరుపులా, దేని మీదా ఆసక్తి లేకపోవడంలా బయటపడుతుంది.

ఇప్పుడు కళ్లజోడు. ఇది జ్ఞాపకశక్తి లోపం కాదు, గమనింపు లోపం. చెయ్యి కళ్లజోడును కింద పెడుతున్న క్షణంలో మనసు ఇంకెక్కడో ఉంది కాబట్టి ఆ సంగతి లోపల నమోదే కాలేదు. నమోదు కానిదాన్ని వెతికి లాభం లేదు. మందు చాలా చిన్నది: పెట్టేటప్పుడు "కళ్లజోడు టీవీ పక్కన పెడుతున్నా" అని పైకి అనాలి. మనసులో అనుకుంటే చాలదు, పైకి పలికిన మాట బాగా నిలుస్తుంది. గ్యాస్ కట్టేసినప్పుడు, తలుపు తాళం వేసినప్పుడు కూడా ఇదే పద్ధతి. మొదటి వారం నామోషీగా ఉంటుంది, రెండు మూడు వారాల్లో అలవాటైపోతుంది. కళ్లజోడుకూ తాళాలకూ ఒక్కటే చోటు పెట్టుకుంటే ఇంకా మంచిది.

మాత్రలు, డబ్బు చెల్లింపులు, పొయ్యి, వీటిని మాత్రం ఎప్పుడూ జ్ఞాపకశక్తికి పరీక్షగా వాడకండి. "రాసుకుంటే మెదడు సోమరి అవుతుంది" అని కొందరు మాత్రల డబ్బా వద్దంటారు. అది ప్రమాదకరమైన సలహా. ఏడు రోజులకు ఏడు గదులున్న డబ్బా కొనండి, అలారం పెట్టండి. దాంతోపాటు మాత్రను ఒక పనికి ముడివేయండి. "రాత్రి మాత్ర వేసుకోవాలి" అనుకుంటే మరిచిపోతారు. "పళ్లు తోముకుని బ్రష్ కింద పెట్టగానే మాత్ర చేతిలోకి తీసుకుంటాను" అని మూడుసార్లు పైకి అనుకుని, ఆ దృశ్యాన్ని ఒక్కసారి కళ్లు మూసుకుని చూడమనండి. బ్రష్ కింద పెట్టిన క్షణమే గుర్తుచేసే గంట అవుతుంది. గుర్తుచేసే పని రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి, అదే చోట జరిగేదై ఉండాలి. "టీవీ చూశాక" లాంటివి పనిచేయవు, టీవీ చూడటం ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు.

పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నిజంగా బాగుపడే చోటు ఇదే. మనిషి ముఖం, ఉద్యోగం, ఎక్కడ కలిశారో అన్నీ గుర్తుండి పేరు మాత్రమే రాకపోవడానికి కారణం ఉంది. "వడ్రంగి" అనగానే చెక్క, ఉలి, చేతులు అన్నీ కదులుతాయి. పేరుకు అలాంటి కొక్కేలు ఉండవు. ఒక్క దారమే ఉంటుంది, అది తెగితే అంతే. కాబట్టి కొక్కెం మనమే తగిలించాలి.

కొత్త మనిషి పేరు చెప్పగానే "భాస్కర్ గారా?" అని తిరిగి అడిగి ధ్రువపరుచుకోవాలి. సగం పేర్లు మొదటిసారే సరిగా వినపడవు. తర్వాత అర్థాన్ని ముఖంతో కట్టాలి. మన పేర్లలో చాలావాటికి అర్థం తెలుసు కనుక మనకిది సులువు: భాస్కరుడు సూర్యుడు, ఆ వెడల్పాటి నుదుటి మీద ఎండ మెరుస్తున్నట్టు ఊహించాలి. అర్థం తెలియని పేరైతే అదే పేరున్న పాత పరిచయస్థుణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టాలి. మాట్లాడుతూ ఒకసారి, సెలవు తీసుకుంటూ ఒకసారి పేరుతో పిలవాలి.

ఇంతవరకూ ఎక్కించడం. అసలు సాధన తర్వాత మొదలవుతుంది. 30 సెకన్లు ఆగి పేరు గుర్తు తెచ్చుకోవాలి. వస్తే ఒక నిమిషం ఆగి మళ్లీ, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, పదిహేను నిమిషాలు. మధ్యలో వేరే మాటలు మాట్లాడాలి, లేకపోతే పేరును నోట్లో వల్లిస్తూ కూర్చుంటారు, అది సాధన కాదు. ఎక్కడైనా తప్పితే వెంటనే సరైన పేరు చెప్పి, ఆయన చేత ఒకసారి పలికించి, చివరిసారి సరిగా వచ్చిన వ్యవధికి వెనక్కి రావాలి. నాలుగు నిమిషాల దగ్గర తప్పితే మళ్లీ రెండు నిమిషాలు. ఊహించి చెప్పమని మాత్రం బలవంతపెట్టకండి. "భ... భరత్? భార్గవ్?" అంటూ పలికిన తప్పు పేరు కూడా లోపల ముద్ర వేసుకుంటుంది, రేపు అదే ముందుకొస్తుంది.

పేరు నోట్లో నానుతూ బయటికి రాకపోతే ఎంతసేపు ప్రయత్నించాలి? పది పదిహేను సెకన్లు. పట్టుదలగా అరగంట తన్నుకులాడితే మెదడు పదునెక్కుతుందని చాలామంది అనుకుంటారు. 2008లో కెనడా పరిశోధకులు చూపించింది దీనికి వ్యతిరేకం: ఒక మాట దగ్గర ఎంత ఎక్కువసేపు ఇరుక్కుంటే, తర్వాత అదే మాట దగ్గర మళ్లీ ఇరుక్కునే అవకాశం అంత ఎక్కువ. ఇరుక్కోవడమే అలవాటవుతుంది. కొద్దిసేపు చూసి, రాకపోతే అడిగో వెతికో తెలుసుకుని, పైకి రెండుసార్లు పలికి, పది నిమిషాల తర్వాత చూడకుండా మళ్లీ తెచ్చుకోమనండి. ఆ చివరి అడుగును అందరూ వదిలేస్తారు, ఫలితం ఉన్నది అందులోనే.

ఇంట్లో శాశ్వతంగా ఉండే ఏర్పాటు ఒకటి: బంధువులు, స్నేహితులు, వాళ్ల పిల్లల ఫొటోలు అట్టముక్కల మీద అంటించి వెనక పేర్లు రాయండి. మూడు డబ్బాలు పెట్టండి. మొదటి డబ్బాలోవి రోజూ, రెండోదానిలోవి మూడు రోజులకోసారి, మూడోదానిలోవి వారానికోసారి చూడాలి. పేరు సరిగా వస్తే అట్ట తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది, తప్పితే ఏ డబ్బాలో ఉన్నా మొదటిదానికే వస్తుంది. వారానికి కొత్తవి మూడుకు మించి కలపకండి. ఒకేసారి ముప్పై అట్టలు తెచ్చి ముందు పోస్తే రెండో రోజే మానేస్తారు.

చదివింది మరిచిపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. పేజీ తిప్పుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. కళ్లముందు ఉన్నదాన్ని గుర్తుపట్టడం తేలిక, లేనిదాన్ని తీసుకురావడం కష్టం, మొదటిదాన్ని చూసి రెండోది వచ్చేసిందని మోసపోతాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో పాఠాన్ని పదే పదే చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు, వారం తర్వాత మాత్రం ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. వాళ్లు కాలేజీ విద్యార్థులే గానీ, ఈ సూత్రం పెద్దవాళ్లలోనూ పనిచేస్తుంది.

కాబట్టి నాన్నగారిని రెండు పేజీలు చదివి పుస్తకం మూయమనండి. రెండు నిమిషాలు వేరే పని. తర్వాత కాగితం మీద ఐదు విషయాలు రాయాలి, లేదా మీకు చెప్పాలి: ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఎందుకు, తర్వాత ఏమవుతుందని అనిపిస్తోంది. అప్పుడు పుస్తకం తెరిచి వదిలేసినవాటి కింద గీత గీయాలి. ఆ గీతలే మర్నాటి పాఠం. మర్నాడు పుస్తకం ముట్టకముందు నిన్నటిది చెప్పాలి, మూడో రోజు, ఏడో రోజు మళ్లీ. మొదటి వారం ఐదింటిలో రెండే రావచ్చు. అది వైఫల్యం కాదు, కష్టపడి తెచ్చుకున్న రెండూ తేలిగ్గా చదివిన ఇరవై కంటే ఎక్కువ కాలం ఉంటాయి. ఆయనకు నిజంగా ఆసక్తి ఉన్న పుస్తకమే ఎంచుకోండి, ఎవరో మంచిదన్నారని ఇచ్చిన పుస్తకంతో ఇది సాగదు.

మనసులో పట్టి ఉంచి అటూ ఇటూ తిప్పే శక్తికి తెలుగే మంచి వ్యాయామశాల. ఒక మాటను అక్షరాల వారీగా వెనక్కి చెప్పించండి. మూడక్షరాలతో మొదలు: "పుస్తకం" అంటే కం-స్త-పు. ఒత్తును విడదీయకూడదు, గుణింతం మారకూడదు. తర్వాత "పరిమళం": ళం-మ-రి-ప. ఆరక్షరాల "కలవరపాటు": టు-పా-ర-వ-ల-క. చూడకుండా, రాయకుండా, వేళ్లు మడవకుండా. ఇంకొకటి: అంకెనూ అచ్చునూ మార్చి మార్చి చెప్పడం, 1-అ, 2-ఆ, 3-ఇ, 4-ఈ ఇలా, ఋ వదిలేసి 12-ఔ దాకా. అది నల్లేరు మీద నడక అయ్యాక 12-ఔ నుంచి వెనక్కి. మరొకటి చాలా మంచిది గానీ ఎవరూ చేయించరు: మీరు సెకనుకో మాట చొప్పున పది పన్నెండు మాటలు చదువుతూ చెప్పాపెట్టకుండా ఆగండి, ఆయన చివరి మూడు మాటలు వరుసగా చెప్పాలి. ఎక్కడ ఆగుతారో తెలియదు కాబట్టి పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకుంటూ ఉండాలి, మెదడుకు అసలు శ్రమ అక్కడే ఉంది.

లెక్కలు కూడా పెట్టవచ్చు: 143లోంచి 6 చొప్పున తీస్తూ 137, 131, 125, 119 ఇలా ఒక నిమిషం. ఒక హెచ్చరిక. 100లోంచి 7 చొప్పున తీసే లెక్కను మాత్రం ఇంట్లో చేయించకండి. మతిమరుపు పరీక్షల్లో డాక్టర్లు అడిగేది అదే. 93, 86, 79 అని కంఠతా వచ్చేస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు.

మాటలు తీయడానికి: ఒక నిమిషంలో 'మ'తో మొదలయ్యే మాటలు ఎన్ని వస్తే అన్ని. పేర్లు లెక్కలోకి రావు, "మాట, మాటలు" లాంటివి ఒక్కటే. సంఖ్య తేదీతో రాసుకోండి. తర్వాతి రోజు మరో అక్షరం, ఆ తర్వాత ఒక జంతువు, ఒక పండు మార్చి మార్చి. ఇలా మార్చి చెప్పడం దగ్గర సంఖ్య బాగా పడిపోతుంది, కంగారు పడకండి, అందరికీ పడుతుంది.

వేగానికి కంప్యూటర్ లేకపోతే 52 పేకముక్కలూ పనికొస్తాయి. బాగా కలిపి ఎరుపు, నలుపుగా వేరు చేయమని గడియారం పెట్టండి. రెండో విడతలో నాలుగు జాతులుగా. మూడో విడతలో పది ముక్కలకోసారి మీరు "మారు" అంటే రంగు నుంచి జాతికి, జాతి నుంచి సరిబేసికి నియమం మారాలి. ప్రతి తప్పుకూ రెండు సెకన్లు కలపండి, లేకపోతే వేగం కోసం తప్పుల మీద తప్పులు చేస్తారు. కీళ్లనొప్పులు ఉంటే సమయం చూడకండి, తప్పులు మాత్రమే లెక్కపెట్టండి. వేళ్ల నెమ్మదిని మెదడు నెమ్మదిగా లెక్కవేయడం అన్యాయం.

నడుస్తూ ఆలోచించడం వేరే విద్య. 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారు: వృద్ధాశ్రమాల్లో నడుస్తుండగా మాట్లాడిస్తే ఆగిపోయే పెద్దవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో పడిపోవడం ఎక్కువ. ముందు 10 మీటర్లు మామూలుగా నడిపించి సెకన్లు రాయండి. తర్వాత జంతువుల పేర్లు చెబుతూ అదే దూరం. కొద్దిగా నెమ్మదించడం సహజం. తూలినా, ఆగిపోయినా, అడుగులు చిన్నవైపోయినా ఆ వ్యాయామం అక్కడితో ఆపి కుర్చీలో కూర్చోబెట్టి పాదాలు మార్చి మార్చి ఎత్తుతూ చేయించండి. బాగా నడిచేవారితో కూడా గోడ పక్కనే, చదునైన నేల మీద, పక్కన మనిషి ఉండగానే. ఏడాదిలో ఒక్కసారి పడినా నడకతో కలిపి చేయించవద్దు.

మామూలు నడకను మాత్రం మానిపించకండి. 2011లో వచ్చిన ప్రయోగంలో 120 మంది పెద్దవాళ్లలో సగం మంది వారానికి మూడు రోజులు చురుగ్గా నడిచారు, నెమ్మదిగా మొదలై ఒక్కోసారి 40 నిమిషాలదాకా పెంచుకున్నారు. ఏడాది తిరిగేసరికి జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం వారిలో 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారిలో దాదాపు 1.4 శాతం తగ్గింది. సుడోకు రెండు గంటల్లో ఒక గంట తీసుకోగలిగితే అందులో 40 నిమిషాలు నడకకే ఇస్తాను. బీపీ, షుగరు అదుపులో ఉండటం కూడా ఇంతే ముఖ్యం. 2015లో ఫలితాలు వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో 60 నుంచి 77 ఏళ్ల 1,260 మందిలో సగం మందికి రెండేళ్లు ఆహారం, వ్యాయామం, మెదడు సాధన, బీపీ-షుగరు పర్యవేక్షణ అన్నీ కలిపి చేయిస్తే లాభం కనిపించింది.

వీటన్నిటికంటే పెద్దది కొత్త విద్య. 2014లో వెలువడిన అమెరికా పరిశోధనలో పెద్దవాళ్లు 14 వారాలు, వారానికి సగటున 16 గంటలు డిజిటల్ ఫొటోగ్రఫీయో, బట్టముక్కలు కలిపి దుప్పటి కుట్టడమో, రెండూనో నేర్చుకున్నారు. వారి జ్ఞాపకశక్తి మెరుగైంది. అంతే సమయం కబుర్లతో, సరదా ఆటలతో గడిపినవారికి అలా కాలేదు. తేడా అంతా "నాకు రాదు" అనిపించే చోట ఉంది. కాబట్టి ఆయనకు ఇప్పటికే వచ్చినదానిలో ఇంకొంచెం కాకుండా అసలు రానిది ఎంచుకోండి: కొత్త లిపి, వాద్యం, బొమ్మలు వేయడం, ఫొటోలు దిద్దడం. నేర్పే మనిషి ఉండాలి, వారం వారం చూపించాల్సిన పని ఉండాలి. వీడియోలు చూస్తూ కూర్చోవడం నేర్చుకోవడం కాదు. మూడు నెలలకు ముందు మానేయవద్దని ముందే మాట తీసుకోండి, మొదటి నెల ఎవరికైనా చికాకుగానే ఉంటుంది.

కష్టం ఎంత ఉండాలో ఒక కొలత: పదింటిలో ఏడు ఎనిమిది సరిగా రావాలి. పదికి పది వస్తుంటే కష్టం పెంచండి, ఆరుకు తగ్గితే ఒక మెట్టు దిగండి. రోజుకు ఇరవై, పాతిక నిమిషాలు చాలు, వారానికి ఐదు రోజులు. చాలామంది పెద్దవాళ్లకు ఉదయం పూట బుర్ర చురుగ్గా ఉంటుంది, భోజనం కాగానే పెట్టకండి. ఒక రోజు పేర్లు, చదవడం, ఒక రోజు అక్షరాలు, పేకముక్కలు, ఇలా కలిపి కుట్టండి. ఒకే వ్యాయామం నెల దాటితే దాన్నే కంఠతా పట్టేస్తారు. అప్పుడది కూడా సుడోకు అయిపోతుంది.

ఎక్కువ ఇళ్లలో ఇది చెడిపోయేది వ్యాయామం వల్ల కాదు, అడిగే తీరు వల్ల. అతిథుల ముందు "నాన్నా, ఈయన ఎవరో చెప్పు చూద్దాం" అనడం పరీక్ష, అవమానం. ఒకసారి అలా జరిగితే ఆయన మాట్లాడటమే తగ్గిస్తారు, మాట తగ్గడం మతిమరుపు కంటే నష్టం. ఎవరైనా వస్తున్నారంటే ముందే "భాస్కర్ గారు వస్తున్నారు, వాళ్లమ్మాయికి ఈమధ్యే పెళ్లయింది" అని చెప్పి ఉంచండి. సాధనలో మీరూ పాల్గొనండి, మాటను వెనక్కి చెప్పడంలో మీరు తప్పితే ఆయన నవ్వాలి.

ఎనిమిది వారాలకు లాభం ఎలా తెలుస్తుంది? వ్యాయామాల స్కోరుతో కాదు. మొదలుపెట్టే ముందు వారం రోజులు ఒక డైరీలో గీతలు పెట్టండి: వస్తువు వెతకడానికి ఎన్నిసార్లు ఇల్లంతా తిరిగారు, ఎన్ని పేర్లు తట్టలేదు, ఎన్ని మాత్రలు తప్పాయి. ఎనిమిదో వారంలో మళ్లీ అవే లెక్కించండి. జీవితంలో తేడా కనబడితేనే తేడా ఉన్నట్టు. అప్పటికీ మారనిదేదో చూసి, దానికి సంబంధించిన వ్యాయామాన్ని మార్చండి, మొత్తం మానేయకండి.

ఇప్పుడు మీరు చెప్పిన మూడూ, పేరు తట్టకపోవడం, కళ్లజోడు, పుస్తకం, ఆ వయసులో సాధారణంగా ఉండేవే. కానీ ఈ కిందివి కనబడితే వ్యాయామాలతో కాలయాపన చేయకూడదు: గంటలోనే అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం, ఏళ్లుగా తిరిగిన దారిలో తప్పిపోవడం, ఎప్పుడూ తానే చూసుకున్న లెక్కల్లో పొరపాట్లు, స్వభావం మారడం, తన మతిమరుపు తనకు తెలియకపోవడం. చివరిది ముఖ్యం. ఎక్కువ మరిచిపోతున్నానని తానే వాపోయేవారి కంటే, తనకేమీ లేదంటున్నా ఇంట్లోవాళ్లు కంగారుపడుతున్నవారి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి. రోజుల్లోనే, గంటల్లోనే ఒక్కసారిగా అయోమయం వస్తే అది మామూలు మతిమరుపు కాదు. ఇన్‌ఫెక్షన్, మందుల ప్రభావం, పక్షవాతం ఏదైనా కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నెమ్మదిగా వచ్చిన మార్పైతే న్యూరాలజిస్టునో, వృద్ధుల వైద్యుణ్ణో చూపించండి. వెళ్లేటప్పుడు ఆ గీతల డైరీనీ, ఇంట్లో ఉన్న మందులన్నిటినీ, డాక్టరు చీటీ లేకుండా కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.